బడిలో పిల్లలకు వంట: మజ్జిగతో మొదలుపెట్టండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి 34 మంది పిల్లలు, ఇద్దరే టీచర్లు. శనివారం నో బ్యాగ్ డే (పుస్తకాల సంచి లేకుండా వచ్చే రోజు) నాడు వంట నేర్పుదామని హెడ్మాస్టరు గారు అన్నారు. బడిలో విడిగా స్టవ్ లేదు, కత్తులంటే మీకు భయం, పైగా ఒక తండ్రి వచ్చి "మా వాడికి వంటెందుకండీ" అని అడిగి వెళ్ళాడు. ఏ వంటకాలతో మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న. నేను పల్నాడు వైపు మండల పరిషత్ బడుల్లో 29 ఏళ్ళు పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు దాదాపు ప్రతి శనివారం పిల్లలతో వంట పని చేయించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ వంటకాల లిస్టు పక్కన పెట్టేయండి. "ఈ వారం ఏం చేయిద్దాం" అని మొదలుపెడితే చివరికి టీచరే చేస్తుంది, ఇద్దరు చురుకైన పిల్లలు గిన్నెలు అందిస్తారు, మిగతా 32 మంది చుట్టూ నిలబడి చూస్తారు. దానికి బదులు "ఈ వారం ప్రతి పిల్లవాడి చేతికీ ఏ పని తగలాలి" అని ఆలోచించండి. అందరి చేతికీ పని ఉండాలి, ఆ పని జరగకపోతే ఆ తిండి తయారు కాకూడదు, తయారైంది వాళ్ళే కూర్చుని తినాలి. ఈ మూడూ ఉంటే మజ్జిగ కలిపినా అది వంట పాఠమే. ఇవి లేకపోతే బిర్యానీ చేయించినా ఉపయోగం లేదు.

చాలా బడుల్లో "పొయ్యి లేని వంట" అని పోటీలు పెడుతున్నారు. బిస్కెట్ల మధ్య జామ్ రాసి, పైన రంగు బిళ్ళలు అద్ది, టొమాటోని గులాబీ పువ్వులా చెక్కి టేబుల్ మీద పెడతారు. ఆ గులాబీ చెక్కింది అమ్మ అని అందరికీ తెలుసు, ప్రైజు మాత్రం పిల్లవాడికి ఇస్తారు. మీ బడిలో దయచేసి ఇది పెట్టకండి. పోటీ అనగానే చేతకాని పిల్లవాడు వెనక్కి వెళ్ళిపోతాడు. మన పని మొత్తం ఆ వెనక్కి వెళ్ళిపోయే పిల్లవాడి కోసమే.

మొదటి శనివారం మజ్జిగ చేయించండి. పెరుగు, నీళ్ళు, ఉప్పు తప్ప ఇంకేం అక్కర్లేదు. అయిదారుగురికి ఒక గిన్నె, ఒక కవ్వం. కవ్వాలు దొరక్కపోతే గరిటెలు చాలు. కానీ అంతకంటే ముందు చేతులు కడగడం ఉంది. ఆ రోజు అరగంట దానికే పోయినా పర్లేదు. నేను చేసింది ఏమిటంటే, పిల్లలందరి అరచేతుల్లో రెండు చుక్కల నూనె, చిటికెడు పసుపు వేసి రెండు చేతులూ బాగా రుద్దుకోమనేదాన్ని. తర్వాత వెళ్ళి "మామూలుగా ఎలా కడుక్కుంటారో అలాగే కడుక్కుని రండి" అంటే అందరూ నీళ్ళ కింద చేతులు ఆడించి తిరిగొచ్చేవాళ్ళు. చూస్తే గోళ్ళ కింద పసుపు, వేళ్ళ సందుల్లో పసుపు, బొటనవేలి వెనక పసుపు. కనిపించే పసుపే ఇంత మిగిలితే కనిపించని మురికి ఎంత మిగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత సబ్బుతో, నెమ్మదిగా 20 అంకెలు లెక్కపెడుతూ కడిగితే ఎక్కడెక్కడ పోతోందో వాళ్ళే చూసుకుంటారు. ఈ ఒక్క పాఠం పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చేయించేవాళ్ళని తల్లులు చెప్పారు.

ఇక మజ్జిగలో ఉప్పు సంగతి. "చిటికెడు వెయ్యి" అంటే ఒకడు రెండు వేళ్ళతో, ఒకడు మూడు వేళ్ళతో, ఇంకొకడు పిడికిలిలో సగం తీసుకుంటాడు. వెయ్యనివ్వండి. ప్రతి జట్టూ తన మజ్జిగ రుచి చూసి, పక్క జట్టుది కూడా చూడాలి (రుచి చూసిన గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టకూడదని ఇక్కడే చెప్పాలి, అరచేతిలో వేసుకుని చూడాలి). ఏదో ఒక జట్టుది తప్పకుండా ఉప్పు కషాయం అవుతుంది. అప్పుడు పారబోయనివ్వకండి. "ఇప్పుడేం చేద్దాం?" అని అడగండి. నీళ్ళు పోద్దాం అంటారు. పోస్తే ఉప్పు తగ్గుతుంది, మజ్జిగ కూడా పల్చనైపోతుంది. అయితే పెరుగు కూడా కలపాలి అని వాళ్ళలోనే ఎవరో కనిపెడతారు. నన్నడిగితే వంట నేర్చుకోవడం మొదలయ్యేది అక్కడే, తప్పు జరిగాక సరిచేసుకోవడం దగ్గర. మా బడిలో చదువులో అస్సలు నోరు విప్పని ఒక నాలుగో తరగతి పిల్లవాడు ఉప్పెక్కువైన మజ్జిగలో పెరుగు కలిపి, నిమ్మకాయ కూడా పిండమన్నాడు. వాళ్ళ నాన్న సోడా బండి పెట్టుకుంటాడు. ఆ రోజు నుంచి ఏ జట్టుకి రుచి కుదరకపోయినా వాణ్ణే పిలిచేవాళ్ళు.

రెండో వారం పెరుగు తోడు వేయించండి. శుక్రవారం సాయంత్రం మధ్యాహ్న భోజనం వండే వంటమ్మ చేత పాలు కాయించి, నాలుగు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో గోరువెచ్చని పాలు, తోడు. రెండోదాంట్లో గోరువెచ్చని పాలే, తోడు వెయ్యకుండా. మూడోదాంట్లో చల్లటి పాలు, తోడు. నాలుగోదాంట్లో వేడి పాలు, తోడు (ఇది మీరే పోయండి). గ్లాసుల మీద పేర్లు రాసి మూతలు పెట్టించి, ఏమవుతుందో ఎవరికి వాళ్ళు నోటుబుక్కులో రాయమనండి. శనివారం పొద్దున బ్యాగు లేకపోయినా పరిగెత్తుకుంటూ వస్తారు. గోరువెచ్చనిది గడ్డగా తోడుకుంటుంది, మరీ వేడిగా ఉన్నది సరిగ్గా తోడుకోదు. తోడులో ఉండే బ్యాక్టీరియా ఆ వేడికి చచ్చిపోతుందని అప్పుడు చెబితే అర్థమవుతుంది, ముందే చెబితే పరీక్షలో రాసే వాక్యం అవుతుంది. తోడు లేని గ్లాసునీ తోడుకోని గ్లాసునీ ఎవరూ తాగకుండా పారబోయించండి.

తర్వాత రెండు మూడు నెలల పాటు కత్తి లేని పనులే చేయించండి. మనకి అలాంటివి బోలెడు ఉన్నాయి. గోంగూర వలవడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, చింతపండులో గింజలు, పుల్లలు ఏరడం, కందిపప్పులో రాళ్ళు ఏరడం, చాటలో చెరగడం, వెల్లుల్లి పొట్టు తీయడం. పైకి చిన్న పనుల్లాగే ఉంటాయి గానీ మూడో తరగతి పిల్లవాడు చిక్కుడుకాయ కొసని తుంచి ఈనెను చివరిదాకా తెగకుండా లాగగలిగాడంటే వాడి వేళ్ళకి వచ్చిన పట్టు రాతలో కూడా కనిపిస్తుంది, అది నేను నోటుబుక్కుల్లో చూశాను. గుడ్డు ఇచ్చే రోజున ఉడికిన గుడ్డు వాళ్ళనే వొలుచుకోమనండి. నేల మీద కొట్టి పగలగొట్టేవాడికి సగం తెల్లసొన పెంకుతోనే ఊడిపోతుంది. మెల్లగా తట్టి, అరచేతి కింద ఒకసారి దొర్లించి, వెడల్పుగా ఉండే కొస వైపు నుంచి మొదలుపెడితే అక్కడ గాలి గది ఉంటుంది కాబట్టి పొర వేలికి దొరుకుతుంది. ఆ తర్వాత పెంకు ముక్కలు ముక్కలుగా కాకుండా పట్టీలాగా వస్తుంది. పచ్చి గుడ్డు నీళ్ళల్లో వేస్తే తాజాది అడుగున పడుకుంటుంది, పాతబడినది నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. అదీ ఆ గాలి గది పెరగడం వల్లే. పచ్చి గుడ్డు పట్టుకున్నాక చేతులు మళ్ళీ కడగాలి.

లెక్కలు కూడా ఇక్కడే దొరుకుతాయి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి మధ్యాహ్న భోజనంలో రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని లెక్క. 34 మందికి కూరగాయలు ఎన్ని కావాలో కట్టి, కాటా మీద తూచమనండి. 1 కిలో 700 గ్రాములు అని నోటితో చెప్పడానికీ, అన్ని వంకాయలూ టొమాటోలూ కుప్పగా ముందు పెట్టుకుని చూడడానికీ చాలా తేడా ఉంది. తన వాటా 50 గ్రాములంటే ఒక చిన్న వంకాయేనని చూసిన పిల్ల, కూర వదిలేసే పక్కవాడిని తనే అడుగుతుంది.

పండగలని వాడుకోండి. శ్రీరామనవమికి పానకం చేయిస్తే బెల్లం ముక్క ఎంతసేపటికి కరుగుతుంది, దంచిన బెల్లం ఎంతసేపటికి కరుగుతుంది అన్నది తెలుస్తుంది, వడకట్టినప్పుడు గుడ్డ మీద మిగిలిన మట్టి, పుల్లలు చూసి ఎందుకు వడకట్టాలో తెలుస్తుంది. ఉగాది పచ్చడికి ఆరు రుచులూ ముందు విడివిడిగా నాలుక మీద పెట్టి తర్వాత కలిపించండి. మామూలు శనివారాల్లో పిడత కింద పప్పు (బొరుగుల మిక్చర్) బ్రహ్మాండంగా ఉంటుంది. ఉల్లిపాయ ముక్కలు మీరు తరిగి ఇవ్వండి, నిమ్మకాయ పిండడం, క్యారెట్ తురమడం, కలపడం వాళ్ళు చేస్తారు. ఒక జట్టు చేత ముందే అన్నీ కలిపించి పది నిమిషాలు పక్కన పెట్టించండి, ఇంకో జట్టు చేత తినే ముందు కలిపించండి. మొదటిదాంట్లో బొరుగులు మెత్తగా సాగిపోతాయి. ఏది ముందు వెయ్యాలి, ఏది చివర వెయ్యాలి అన్నది ఇక జన్మలో మరిచిపోరు. తురుము పీట దగ్గర మాత్రం మీరు పక్కనే ఉండండి. మా బడిలో ఒకడికి క్యారెట్ అయిపోయి వేలి కణుపు తురుముకుంది. ఆ తప్పు నాది, చివరి ముక్క తురమకుండా తినేయమని నేను ముందే చెప్పి ఉండాల్సింది.

మీ ఐదో తరగతిలో ఇప్పటికే వంట చేసే ఆడపిల్లలు ఉండే ఉంటారు, కనుక్కోండి. మా దగ్గర మిరప కోతల కాలంలో తల్లులు తెల్లవారుజామునే ఆటోల్లో కూలికి వెళ్ళిపోతే, ఎనిమిదీ తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు అన్నం వండి, తమ్ముడికి పెట్టి, బడికి వచ్చేవాళ్ళు. అలాంటి ఒక పిల్లని "నీళ్ళు ఎన్ని పోస్తావమ్మా" అని అడిగాను. గిన్నెలో కడిగిన బియ్యం చేత్తో సమంగా సర్ది, చూపుడు వేలు బియ్యం మీద ఆనించి, "ఈ గీత దాకా టీచర్" అని మొదటి కణుపు చూపించింది. అవే నీళ్ళు గ్లాసుతో కొలిస్తే గ్లాసు బియ్యానికి దగ్గర దగ్గర రెండు గ్లాసులు వచ్చాయి. "కొత్త బియ్యమైతే ఇంకొంచెం తగ్గించాలి, లేకపోతే ముద్దయిపోద్ది" అని కూడా చెప్పింది. ఆ రోజు క్లాసు ఆ పిల్లే చెప్పింది. కానీ జాగ్రత్త, ఇంట్లో రోజూ చేసే పిల్లకి బడిలోనూ అదే పని అంటగడితే అది చదువు కాదు. ఆ పిల్లకి చెప్పే పని ఇవ్వండి, చేసే పని మగపిల్లలకి ఇవ్వండి. గిన్నెలు తోమడం, నేల తుడవడం వంతుల వారీగా అందరికీ రావాలి, వంతుల పట్టిక గోడ మీద రాసి పెట్టండి. లేకపోతే మగపిల్లలు తిని వెళ్ళిపోతారు, ఆడపిల్లలు ఎవరూ చెప్పకుండానే గిన్నెల దగ్గర కూర్చుంటారు. మొదటి రెండు వారాలు మా బడిలో సరిగ్గా అదే జరిగింది.

ఆ తండ్రి వస్తే నేనైతే ఒకటే అడుగుతాను: "రేపు మీవాడు ఇంజనీరింగ్‌కో, పనికో హైదరాబాద్ వెళ్ళి రూములో ఉంటే ఏం తింటాడండీ?" మా ఊరి నుంచి వెళ్ళిన చాలామంది రూముల్లో మూడు పూటలా హోటల్ తిండి తిని కడుపు పాడుచేసుకున్నవాళ్ళే కాబట్టి ఈ మాట వాళ్ళకి వెంటనే తగులుతుంది. వాదన పెట్టుకోకండి, ఒక శనివారం ఆయన్నే పిలిచి కొడుకు కలిపిన మజ్జిగ ఇప్పించండి.

కత్తి విషయానికొస్తే, మీ భయం మంచిదే గానీ ఎప్పటికీ ఇవ్వకపోవడం మంచిది కాదు. మూడో తరగతికి స్టీలు టేబుల్ కత్తి, దాంతో అరటిపండు, ఉడికిన బంగాళాదుంప. నాలుగులో దోసకాయ లాంటివి, అయిదులో చిన్న కూరగాయల కత్తి. ఎడమ చేతి వేళ్ళు వంతెనలా పెట్టి మధ్యలోంచి కత్తి దించడం ముందు, వేళ్ళ కొసలు పిల్లి పంజాలా లోపలికి ముడిచి తరగడం తర్వాత. తరిగే చెక్క కింద తడిగుడ్డ పరిస్తే జారదు. పిల్లవాడు నిలబడితే చెక్క నడుము ఎత్తులో ఉండాలి, రెండు బెంచీలు కలిపితే సరిపోతుంది. మొద్దు కత్తి పిల్లలకి మంచిదనుకుంటారు గానీ అదే ఎక్కువ జారుతుంది, ఎందుకంటే దాన్ని బలంగా నొక్కాలి. కత్తిపీట మాత్రం బడిలో వద్దు. ఒక్కసారికి నలుగురికి మించి కత్తి ఇవ్వకండి, ఆ నలుగురి దగ్గర ఒక టీచర్ కదలకుండా ఉండాలి, రెండో టీచర్ మిగతావాళ్ళని చూసుకోవాలి.

మంట గురించి ఒక్కటే మాట, అయిదో తరగతి దాకా పిల్లలు మంట దగ్గరికి వెళ్ళక్కర్లేదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడిలో వంటగది నుంచి లేచిన నిప్పు పూరి కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచి బడిలో పొయ్యి ఎక్కడుంది, దాని మీద ఏముంది అని చూడకుండా నేను ఉండలేకపోయాను. వేయించడం, ఉడికించడం వంటమ్మ చేస్తే పిల్లలు దూరం నుంచి చూడాలి, వాసనని బట్టి పోపు ఎప్పుడు వేగిందో చెప్పాలి. అది కూడా నేర్చుకోవడమే. అయిదో తరగతికి మరీ అనిపిస్తే ఇండక్షన్ స్టవ్ మీద ఒక్కొక్కరి చేత, మీ చెయ్యి పక్కన ఉండగా, రాగి జావ కలిపించండి. ఎవరికైనా కాలితే వెంటనే చల్లటి పంపు నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టాలి. పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏవీ రాయకూడదు, మనూళ్ళల్లో అందరూ ముందు చేసేది అదే కాబట్టి పిల్లలకి ఇది నోటికి వచ్చేదాకా చెప్పండి.

వాసన చూడడం నేర్పండి. ఒకసారి మార్చి నెలలో పెసలు మొలకలు కట్టించాను, ఎండలకి అవి జిగురొచ్చాయి. మూడో తరగతి పిల్ల మూట విప్పగానే "టీచర్, కంపు కొడుతున్నాయి" అంది. నేను ఆ హడావిడిలో కడిగితే పోతుందిలే అన్నాను. ఆ పిల్ల కడిగాక కూడా ముక్కు దగ్గర పెట్టుకుని "ఉహూ" అంది. అప్పుడు నేనూ వాసన చూసి మొత్తం పారబోయించాను, అందరి ముందూ ఆ పిల్ల చెప్పిందే రైటు, నేను చెప్పింది తప్పు అన్నాను. తర్వాత మొలకలు ఆవిరి మీద ఉడికించకుండా ఎప్పుడూ పెట్టలేదు. 2013 జూలైలో బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. మన పత్తి, మిరప ఊళ్ళల్లో మందు డబ్బాలు కడిగి నీళ్ళకీ నూనెకీ వాడుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, కాబట్టి ఆ డబ్బా బొమ్మ బోర్డు మీద గీసి, ఎంత కడిగినా అందులో తిండి, నీళ్ళు పెట్టకూడదని చెప్పండి. "వాసన తేడాగా ఉంది" అని ఏ పిల్లవాడు అన్నా పెద్దవాళ్ళు ఆగి చూడాలి.

ఇంకో రెండు విషయాలు. ఒకటి, ఇది వంటమ్మ పని తగ్గించడానికి కాదు. వారానికి ఒక గంట, జట్టుగా, నేర్చుకోవడానికి. రోజూ పిల్లల చేత కూరగాయలు తరిగించడం, బియ్యం ఏరించడం మొదలైందంటే తల్లిదండ్రులు గొడవ చేస్తారు, చేయాలి కూడా. ముందే విద్యా కమిటీ మీటింగులో చెప్పి తీర్మానం రాయించుకోండి, ఎవరికి వేరుశనగ పడదు, ఎవరికి పాలు పడవు అని ఇంటింటికీ అడిగి రాసుకోండి. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు ఇదేం కొత్త ఫ్యాషన్ అంటే, 1937లో వార్ధా సభలో గాంధీగారు పెట్టిన నయీ తాలీం చేతిపని మధ్యలో చదువే కదా అని చెప్పొచ్చు. ఇంగ్లాండులో 2014 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ బడుల పాఠ్యప్రణాళికలో చిన్న తరగతుల నుంచే వంట ఉంది.

రెండోది కులం. దీని గురించి మీరు అడగలేదు, కానీ వస్తుంది. మా దగ్గర మూడో వారమే ఒక నాయనమ్మ వచ్చి, ఆ పిల్లలు కలిపింది మా మనవరాలు తాగదు అంది. నేను ఆమెకి నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "అమ్మా, బడిలో ఒకే గిన్నె, ఒకే గరిటె, అది మాత్రం మారదు" అని చెప్పాను. ఎంత అడిగినా ఆ మాటే చెప్పాను. జట్లు మీరే వేయండి, పిల్లల ఇష్టానికి వదిలేస్తే వాడల వారీగా కూర్చుంటారు. ప్రతి నెలా మార్చండి. ఆ మనవరాలు తర్వాతి శనివారం అందరికంటే ముందొచ్చి గ్లాసులు కడిగి బోర్లించింది.

సరుకులు పిల్లల్ని ఇంటి నుంచి తెమ్మనకండి. తేలేని పిల్లవాడు ఆ రోజు బడికే రాడు. పెరుగు, బొరుగులు, నిమ్మకాయలు, బెల్లం లాంటివైతే నెలకి పెద్ద ఖర్చేం కాదు, మేం టీచర్లమే వేసుకునేవాళ్ళం, తర్వాత ఊళ్ళో కిరాణా కొట్టాయన అడక్కుండానే బెల్లం పంపేవాడు. బడి వెనక కొంచెం చోటుంటే గోంగూర, తోటకూర చల్లించండి, తోటకూర నెల రోజుల్లో కోతకొస్తుంది.

ఈ శనివారానికి మీకు కావాల్సింది రెండు కిలోల పెరుగు, ఉప్పు, ఆరు గిన్నెలు, ఆరు గరిటెలు, ఒక సబ్బు, కొంచెం నూనె, పసుపు. టెన్షన్ పడకండి, మొదటి రోజు నేలంతా మజ్జిగ అవుతుంది. తుడిచే గుడ్డలు రెండు ఎక్కువే పెట్టుకోండి.